ముట్టుకునే ముందు ఓ నిమిషం చూడండి

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినపడుతోందా? సరే. మొదలుపెట్టే ముందు ఒక చిన్న మాట. ఈ బల్ల పక్కన ఉన్నది మల్లి, మా ఇంటి కుక్క, దానికి ఎనిమిదేళ్లు. ఇప్పుడే మెట్లెక్కి వచ్చింది, ఇంతమంది కొత్తవాళ్లను ఒక్కసారిగా చూసింది, అందుకే నాలుక బయటపెట్టి రొప్పుతోంది. దయచేసి ఎవరూ దాన్ని పిలవకండి, నిమరకండి. దానితో మనకు చివర్లో పని ఉంది.

నేను ఇరవై రెండేళ్లుగా జంతువులకు వైద్యం చేస్తున్నాను. రాత్రి ఫోన్ మోగితే అవతలి నుంచి ఎక్కువగా వినపడే మాట ఒకటుంది, "డాక్టర్ గారూ, ఇది అదోలా ఉందండీ." ఆ "అదోలా" అనే మాటంటే నాకు చాలా గౌరవం, ఎందుకంటే రోజూ చూసే మనిషి కంటికి తేడా తెలిశాకే ఆ మాట వస్తుంది. కానీ ఆ తర్వాత నేను అడిగేది, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీసుకుంటోంది, చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయి, జ్వరం చూశారా అని. అక్కడ ఆగిపోతారు. ఒకవేళ లెక్కపెట్టి "ముప్పై నాలుగండీ" అన్నా, నా తర్వాతి ప్రశ్నకి అసలు జవాబుండదు. బాగున్నప్పుడు ఎంత ఉండేది?

ఈ రోజు నేను చెప్పడానికి వచ్చింది ఇదే. పుస్తకంలో అంకెలు ఎవరికైనా దొరుకుతాయి. మీ ఇంట్లో ఉన్న ఆ ఒక్క జంతువు మామూలు అంకెలు ఏ పుస్తకంలోనూ ఉండవు, అవి మీరు రాసుకుంటేనే ఉంటాయి, అది కూడా జంతువు ఆరోగ్యంగా, హాయిగా ఉన్న రోజున రాసుకోవాలి. జబ్బు పడ్డాక రాసుకుంటే దేనితో పోల్చుకుంటాం?

ఇంకో సంగతి, జంతువును చూడడంలో ఒక వరుస ఉంది. ముందు దూరం నుంచి ఊపిరి లెక్కపెట్టాలి, తర్వాత నాడి, తర్వాత చిగుళ్లు, థర్మామీటర్ అన్నిటికంటే ఆఖర్న. ఎందుకంటే మీరు ముట్టుకున్న క్షణం నుంచి అంకెలు మారిపోతాయి. పిల్లిని బుట్టలో పెట్టి, బండెక్కించి, కుక్కల వాసన వచ్చే గదిలో బల్ల మీద నిలబెట్టి గుండె చూస్తే 200 ఉంటుంది. అదే పిల్లి ఇంట్లో కిటికీ పక్కన కునుకు తీస్తున్నప్పుడు చూస్తే అందులో చాలా తగ్గిపోతుంది. భయం వల్ల పెరిగిందా, జబ్బు వల్ల పెరిగిందా అనేది మాకు ఆసుపత్రిలో తేల్చుకోవడం కష్టం. మీకు ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. అంటే కొన్ని కొలతల్లో మాకంటే మీరే నయం. ఈ మాట మెచ్చుకోలుగా అనడం లేదు, నిజంగానే అంతే.

ఊపిరి సంగతి కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే అన్నిటికంటే తేలికైనది, అన్నిటికంటే తక్కువమంది చేసేదీ ఇదే. ఛాతీ ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. లేవడం ఒకటి, దిగడం ఒకటి అని లెక్కపెట్టి రెట్టింపు చేసి హడలిపోయినవాళ్లను చూశాను, అందుకే చెప్తున్నాను. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి, వీలైతే నిమిషమంతా లెక్కపెట్టండి. కుక్క అయినా పిల్లి అయినా గాఢంగా నిద్రపోతున్నప్పుడు చూడాలి. కలలో కాళ్లు కదిలిస్తూ మూలుగుతుంటే ఆగండి, పిల్లి గుర్రుమంటూ ఉన్నా ఆగండి, ఆ అంకె పనికిరాదు. నిద్రలో కుక్కకైనా పిల్లికైనా 30 లోపే ఉండాలి, చాలావాటికి 20కి అటూ ఇటూ ఉంటుంది.

ఒక పెద్దావిడ దగ్గర ముసలి కుక్క ఉండేది, గుండె కవాటం సరిగ్గా మూసుకోదు, మందుల మీద ఉంది. రోజూ రాత్రి పడుకునే ముందు దాని ఊపిరి లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాయమన్నాను. నెలల తరబడి 18, 20, 19, 18. ఒక రాత్రి 34 వచ్చింది. ఆవిడ కంగారుపడలేదు, పావుగంట ఆగి మళ్లీ లెక్కపెట్టింది, 36. అప్పుడు ఫోన్ చేసింది. కుక్క దగ్గడం లేదు, ఆయాసపడుతున్నట్టు కూడా కనపడడం లేదు, చూస్తే హాయిగా నిద్రపోతున్నట్టే ఉందట. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైంది. నీరు తీసే మందు ఆ రాత్రే పడింది కాబట్టి తెల్లారేసరికి తేరుకుంది. దగ్గు వచ్చేదాకా, నోరు తెరిచి గాలి కోసం తన్నుకునేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, అలాంటివి చూశాను కాబట్టి. ఆ క్యాలెండర్ కాగితాలు ఆవిడ ఇప్పటికీ దాచుకుంది.

గుర్రం మామూలుగా నిమిషానికి 8 నుంచి 16 సార్లే ఊపిరి తీస్తుంది. మేక, గొర్రె 15 నుంచి 30. ఆవులో ఎండను బట్టి చాలా మారుతుంది, ఉక్కపోత రోజున పెరగడం సహజం, అందుకని పక్కన ఉన్న మిగతా ఆవులను కూడా లెక్కపెట్టండి. అన్నీ ఒకేలా ఎగపోస్తుంటే అది ఎండ ప్రభావం. ఒక్కటే ఎగపోస్తుంటే దానికి ఏదో అయ్యిందన్నమాట.

అంకెతో పని లేని రెండు మూడు గుర్తులున్నాయి. కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే, ఒళ్లు చల్లబరుచుకునే దారి దానికి అదే. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం లెక్కపెడుతూ కూర్చోకండి, బయలుదేరండి. కుందేలు అయితే మరీను, అది ముక్కుతోనే ఊపిరి తీసేలా పుట్టిన జీవి, నోరు తెరిచిందంటే చివరిదాకా వచ్చేసినట్టే. ముందు కాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి, పడుకోవడానికి ఇష్టపడకుండా అలాగే కూర్చుని ఉన్న ఏ జంతువైనా గాలి కోసం తంటాలు పడుతున్నట్టే, అంకె ఎంతున్నా సరే.

ఇక నాడి. కుక్కకు, పిల్లికి, మేకకు వెనక తొడ లోపలి వైపు, పైన, గజ్జల దగ్గర రెండు వేళ్లు మెత్తగా ఆనించండి. గట్టిగా నొక్కితే రక్తనాళం మూసుకుపోయి ఏమీ తెలియదు, అందరూ చేసే పొరపాటు ఇదే. గుర్రానికి దవడ ఎముక అంచు కింద తాడులా ఒకటి తగులుతుంది, అక్కడ. ఆవుకు తోక ఎత్తి, మొదలు దగ్గర, అడుగు వైపు నట్టనడుమ. బొటనవేలు వాడొద్దు, దానిలో మీ నాడే కొట్టుకుంటుంటుంది.

ఎంత ఉండాలంటే, పెద్ద కుక్కకు 60 నుంచి 100, చిన్న జాతులకు 100 నుంచి 140, గుర్రానికి 28 నుంచి 44, ఆవుకు దాదాపు 50 నుంచి 80, మేకకు 70 నుంచి 90. పిల్లలకు ఎప్పుడూ ఎక్కువే. ఒళ్లు పెద్దదయ్యే కొద్దీ గుండె నెమ్మదిస్తుంది. బరువు 2 గ్రాములుండే ఎట్రస్కన్ చుంచు గుండె నిమిషానికి వెయ్యిసార్లకు పైగా కొట్టుకుంటుంది. నీలి తిమింగలం సంగతి చూడండి, 2019లో వెలువడిన ఒక పరిశోధనలో శాస్త్రవేత్తలు దాని ఒంటికి గుండె లయను పట్టే పరికరాన్ని అంటించి చూస్తే, లోతుకు మునిగినప్పుడు నిమిషానికి 2 సార్లు కొట్టుకునేంత నెమ్మదికి దిగింది, పైకి వచ్చాక 30 దాటింది. అది మొదటిసారి చదివిన రోజు నాకు పని మీద మనసు పోలేదు.

కుక్క నాడి చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఊపిరి లోపలికి తీసినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నెమ్మది, ఇలా ఊయలలా ఉంటుంది. ఆరోగ్యంగా, ప్రశాంతంగా ఉన్న కుక్కలో అది సహజం, టెన్షన్ పడకండి. పిల్లిలో అలాంటి తేడా కనపడితే మాత్రం చూపించండి.

ఇక చిగుళ్లు. పెదవి పైకెత్తి చూడడానికి రెండు సెకన్లు పడుతుంది. గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి. రంగు రావడం ఆలస్యమైతే రక్తం ఒంటి చివరలకు చేరడం లేదని అర్థం. పాలిపోయి ఉంటే ఎక్కడో రక్తం పోతోంది, లేదా పిడుదులో కడుపులో పురుగులో తాగేస్తున్నాయి. పసుపు అయితే కామెర్లు. నీలం అయితే గాలి అందడం లేదు. ఇటుక ఎరుపు అయితే ఎండదెబ్బ గానీ, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్ గానీ కావచ్చు. మట్టి గోధుమ రంగు అయితే, దీన్ని నేను గట్టిగా చెప్పాలి, పిల్లికి ఎవరైనా పారాసెటమాల్ వేశారేమో ముందు అడుగుతాను. మనం జ్వరానికి వేసుకునే ఆ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. దాన్ని విరిచేసి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. ప్రేమతోనే వేస్తారు, నాకు తెలుసు. దయచేసి వేయకండి.

కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. అప్పుడు కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడాలి. గొర్రెలకు, మేకలకు ఈ కనురెప్ప పద్ధతినే దక్షిణాఫ్రికాలో ఒక కార్డుగా తయారుచేశారు, ఫమాచా అంటారు, ఎరుపు నుంచి తెలుపు దాకా ఐదు రంగులు ఉంటాయి. కనురెప్ప పక్కన కార్డు పెట్టి చూసి, రక్తం తాగే పురుగుతో ఏది పాలిపోయిందో దానికే మందు వేస్తారు, మందలో ఉన్న అన్నిటికీ ఊరికే వేయరు. అలా చేస్తే పురుగుకు మందు అలవాటు పడడం కూడా నెమ్మదిస్తుంది. ఇంత తేలికైన పని ఇంత మేలు చేస్తుందా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

(సభలోంచి ఒక ప్రశ్న: "ముక్కు ముట్టుకుని చూస్తే జ్వరం తెలుస్తుంది కదండీ?")

తెలియదమ్మా. అడిగారు, మంచిదైంది. నిద్ర లేచిన కుక్క ముక్కు పొడిగా, వెచ్చగా ఉంటుంది, నీళ్లు తాగొచ్చిన కుక్క ముక్కు చల్లగా ఉంటుంది, జ్వరం 104 ఉన్న కుక్కకు కూడా చల్లటి తడి ముక్కు చూశాను. చెవులు పట్టుకుని చూసినా అంతే. జ్వరం థర్మామీటరే చెప్పాలి, అది కూడా మలద్వారంలో పెట్టినప్పుడు. నుదుటి మీద పెట్టే తుపాకీలాంటివి బొచ్చు మీద వెచ్చదనం కొలుస్తాయి, లోపలిది కాదు.

మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు, జంతువులకని విడిగా ఒకటి పెట్టుకోండి. చివర వాజలీన్ రాయండి, తోక ఎత్తండి, నెమ్మదిగా తిప్పుతూ లోపలికి పంపండి. గుర్రానికీ ఆవుకీ సరిగ్గా వెనకాల నిలబడొద్దు, పక్కన ఒళ్లు ఆనించి నిలబడండి. పెద్ద పశువులకైతే థర్మామీటర్‌కు దారం కట్టి, దారం చివర క్లిప్పు తోక వెంట్రుకలకు పెట్టండి, లోపలికి జారిపోయినా చేతికి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, దాని మొన లోపలి గోడకు ఆనాలి.

నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒక ఆవును చూడడానికి వెళ్లాను. మేత మానేసింది, పాలు సగానికి పడిపోయాయి. థర్మామీటర్ పెట్టాను, 101 చూపించింది. జ్వరం లేదు, అజీర్ణమని మందిచ్చి వచ్చేశాను. మర్నాడు సాయంత్రం మళ్లీ పిలిచారు, పొదుగు రాయిలా ఉంది, ఆవు లేవలేకపోతోంది, అప్పుడు చూస్తే 105. మొదటి రోజు నేను థర్మామీటర్‌ను పేడ ముద్దలోకి గుచ్చాను, గోడకు ఆనించలేదు. పొదుగు కూడా చేత్తో నొక్కి చూడలేదు, అంకె బాగుంది కదా అని. ఆవు బతికింది గానీ ఒక చన్ను పోయింది. ఆ రోజు నుంచి, కంటికి కనిపించేదానికీ అంకెకూ పొత్తు కుదరకపోతే రెండోసారి కొలవకుండా నేను ఎక్కడి నుంచీ కదల్లేదు.

ఇక్కడ మన అంకెలు వాటికి పెట్టొద్దు. మనకు 98.6 అయితే, కుక్కకు 101 నుంచి 102.5 మామూలు, పిల్లికి దాదాపు అంతే, ఆవుకు 101.5కు ఒక డిగ్రీ అటూ ఇటూ, గుర్రానికి 99 నుంచి 101.5, గొర్రె మేకలకు 103 కూడా మామూలే, కోడికి 106 ఉన్నా బెంగ లేదు. పొద్దున కాస్త తక్కువ, సాయంత్రం కాస్త ఎక్కువ ఉంటుంది, పరుగెత్తి వస్తే ఇంకా ఎక్కువ. అందుకే రోజూ ఒకే వేళకు చూడాలి.

అందరూ జ్వరం పెరగడం గురించే భయపడతారు. నన్ను అడిగితే తగ్గడం అంతకంటే చెడ్డది. పాలజ్వరం అని విన్నారు కదా, ఈనిన ఒకటి రెండు రోజుల్లో మంచి పాడి ఆవులకు వస్తుంది. పేరులోనే జ్వరం ఉంది, ఒంట్లో జ్వరం ఉండదు. కాల్షియం ఒక్కసారిగా పాలలోకి వెళ్లిపోయి రక్తంలో పడిపోతుంది, ఆవు కూలబడుతుంది, తల డొక్క వైపు తిప్పి పెట్టుకుంటుంది, చెవులు చల్లగా అయిపోతాయి, థర్మామీటర్ పెడితే 100 కంటే కిందికి ఉంటుంది. పేరు చూసి జ్వరం తగ్గే మందు వేసి కూర్చుంటే కొన్ని గంటల్లో పోతుంది. కాల్షియం నరంలోకి నెమ్మదిగా, గుండె వింటూ ఎక్కిస్తే కళ్ల ముందే లేచి నిలబడుతుంది, మా వృత్తిలో అంత సంతోషం ఇచ్చేవి తక్కువ. తిండి మానేసి ఒళ్లు చల్లబడిన కుందేలు, పాలు తాగని కుక్కపిల్ల, అవి కూడా అంతే, ముందు వెచ్చబెట్టాలి, తర్వాతే తిండి.

తగ్గడంలో మంచి కబురు కూడా ఒకటుంది. కడుపుతో ఉన్న కుక్కకు నెలలు నిండాక రోజుకు రెండు పూటలా జ్వరం చూస్తుంటే, ఒక పూట 99 కంటే కిందికి పడుతుంది. ఆ తర్వాత సాధారణంగా ఒక రోజు లోపు నొప్పులు మొదలవుతాయి. రాత్రంతా ఊరికే మేలుకుని ఉండే పని తప్పుతుంది.

ఎండదెబ్బ గురించి ఒక్క మాట. మూతి చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్ లాంటివి ఎక్కువగా దీని పాలపడతాయి. 105 దాటి, జిగురు చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే, ముందు నీళ్లు పోసి ఫ్యాన్ గాలి తగిలేలా చేయండి, ఆ తర్వాత ఆసుపత్రికి బయలుదేరండి. 103కి దిగాక నీళ్లు ఆపేయాలి, లేకపోతే మరీ కిందికి పోతుంది.

(ప్రశ్న: "సార్, ఇప్పుడు మెడకు కట్టే బెల్టులు, కడుపులోకి మింగించే సెన్సర్లు వచ్చాయి కదా, అవి కొనుక్కుంటే ఇదంతా అక్కర్లేదా?")

అవి మంచివేనండీ, పెద్ద మంద ఉన్నవాళ్లకు చాలా ఉపయోగం. ఆవుకు మింగించే సెన్సర్ పొట్టలోనే ఉండిపోయి రాత్రీపగలూ వేడి చెబుతూ ఉంటుంది. కానీ ఆవు చల్లటి నీళ్లు తాగగానే అంకె ఢామ్మని పడిపోతుంది, కాసేపటికి మళ్లీ పైకి వస్తుంది. అది నీళ్లని తెలియనివాళ్లు పాలజ్వరం అనుకుంటారు. మెడ బెల్టు ఆవు రోజుకు ఎంతసేపు నెమరు వేస్తుందో లెక్కపెడుతుంది, ఏడెనిమిది గంటలు వేయాలి, అది తగ్గితే చాలా జబ్బులు మనకు కనపడక ముందే పట్టుబడతాయి. అదీ చివరికి పోలికే, నిన్నటి దాంతో ఇవాళ్టిది. పరికరం లేకపోతే మీ పిడికిలి ఉంది. ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు నిలబడండి, పెద్ద పొట్ట అలలా లేచి మీ చేతిని నెట్టడం తెలుస్తుంది, నిమిషానికి ఒకటి రెండుసార్లు. ఏమీ నెట్టకపోతే ఆ ఆవు ఒంట్లో బాగాలేదు, మేత ముందు నిలబడి ఉన్నా సరే.

మనుషుల వేలికి పెట్టే ఆక్సీమీటర్ గురించి కూడా అడుగుతుంటారు. మేము ఆపరేషన్ చేసేటప్పుడు జంతువుల కోసం తయారైన దాన్ని మత్తులో ఉన్న కుక్క నాలుకకు పెడతాం. మెలకువగా ఉన్నప్పుడు, బొచ్చు మీద, నల్ల చర్మం మీద అది చెప్పే అంకె నమ్మొద్దు.

సరే, ఇప్పుడు మల్లిని చూడండి. నేను మాట్లాడడం మొదలుపెట్టినప్పుడు రొప్పుతోంది, పావుగంటకు గడ్డం నేలకు ఆనించింది, ఇప్పుడు పక్కకు ఒరిగి పడుకుంది. అందరూ అక్కడే కూర్చోండి, ఎవరూ లేవకండి. పక్కటెముకల వెనక భాగం చూడండి, అక్కడ బాగా తెలుస్తుంది. ఫోన్లో గడియారం పెట్టుకున్నారా? నేను మొదలు అనగానే 30 సెకన్లు.

మొదలు.

(సభ నిశ్శబ్దం.)

ఆపండి. ఎంతొచ్చింది? తొమ్మిది. అక్కడ? తొమ్మిది. మీకు పదా? చివరిది సగమేనమ్మా, అది లెక్కలోకి రాదు. తొమ్మిది రెళ్లు పద్దెనిమిది. మొన్న ఇంట్లో పదిహేడు వచ్చింది, ఇవాళ్టిది పక్కన తేదీతో సహా రాసుకుంటాను.